సీరియల్లో నూకరాజు

ఇప్పుడు ఏ ఇంట్లో సీరియల్ పెట్టినా అందులో ఆ ఇంటివాళ్ల మొహాలే కనబడతాయి. చూసేవాళ్ల మనసెరిగి కథని టీవీయే అల్లుకుంటుంది. అనకాపల్లిలో వరహాలు చూసే సీరియల్లో హీరో ఆమె మొగుడు నూకరాజే. అదే మీసం, అదే గొంతు. కాకపోతే ఆ నూకరాజు రోజూ వీధరుగు మీద కూర్చుని పెళ్లానికి తల దువ్వి జడ వేస్తాడు. వరహాలు రెప్పవాల్చకుండా చూస్తుంది.

అసలు నూకరాజుకి ఒళ్లు మండిపోయేది. "ఆడంగి ఎదవ!" అని తెరమీది తన మొహాన్నే తిట్టేవాడు. కానీ పెళ్లాం వాణ్ణి చూసే ఆ చూపు తనకి ఒక్కనాడూ దక్కలేదన్న ఉక్రోషం అతన్ని నిలవనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం టీవీ కట్టేసి, దువ్వెన పట్టుకుని వీధరుగు మీదికొచ్చాడు.

"ఇలగొచ్చి కూకో," అన్నాడు.

వరహాలు నమ్మలేనట్టు చూసి, వచ్చి అతని ముందు కూర్చుంది. చిక్కు తీయడం చేతకాక జుట్టు పీకేస్తున్నా ఆమె తల ఇంకాస్త వెనక్కి వాల్చింది. ఇంతలో ఎదురింటివాళ్లు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"లోపలికెల్లి తలుపేసుకుందాం. మగోడు జడేస్తే ఊరంతా నవ్వుతాది," అంది వరహాలు గుసగుసగా.

నూకరాజు దువ్వెన ఆపలేదు.

"టీవీలో ఆడు ఏసుకున్నాడేటి తలుపు?"