వేళ్ల పాఠం

“బొటనవేలు మెడ వెనకాల ఉండాల. పైకి పాకనీయొద్దని ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు?”

మీరా సాహెబ్ కుట్టుమిషను విప్పుతూనే కసిరాడు. పున్నారావు ఉలిక్కిపడి గిటారు మెడ మీద చెయ్యి సర్దుకున్నాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. మెడకు అడ్డంగా ఉన్న ఒక్కో మెట్టుకు ఒక్కో వేలు. పై తీగ నుంచి కింది తీగ దాకా పోయి, మళ్లీ వెనక్కి రావాలి. చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి తీగ బుర్రుమంది.

“మెట్టు మీద కాదు, దాన్ని ఆనుకుని నొక్కు. వేలి కొసతో. భుజం ఎందుకు బిగబడతావ్? బస్తా మోస్తున్నావా ఏంది?”

“ఎన్నాళ్లు బాబాయ్ ఈ పాఠం? ఒక్క పాట చెప్పరాదా?”

“ముందు వేళ్లు కుదరనీ.”

ఎప్పుడడిగినా అదే జవాబు. గట్టిగా అడిగితే మీరా సాహెబ్ గిటారు తీసుకుని పెట్టెలో పెట్టేసేవాడు.

నరసరావుపేటలో గిటారున్నది ఆయన ఒక్కడి దగ్గరే. రంగూన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసేటప్పుడు, ఓడల బ్యాండులో వాయించే గోవా ఆయన దగ్గర పాఠాలకు కుదిరాడు. ఇంతలో రంగూన్ మీద బాంబులు పడి, జనం చేతికందింది పట్టుకుని పరుగెత్తారు. మీరా సాహెబ్ భార్య కరీమున్నీసాను, ఆ గిటారును వెంటబెట్టుకుని అడవుల వెంట నడిచి ఊరు చేరాడు. ఆయన పాట వాయించగా ఊళ్లో ఎవరూ వినలేదు. బజార్లో కూర్చుని పాటలు వాయిస్తే మసీదు పెద్దలు ఏమనుకుంటారోనని ఆయనకు మొహమాటమని జనం చెప్పుకునేవారు.

పున్నారావుకు పాట అవసరం చాలా ఉంది. తండ్రి గోవిందయ్యకు పిడుగురాళ్లలో సున్నపు బట్టీ ఉంది. ఆ పొగలో, ఆ ఘాటులో బతకలేనని కొడుకు మొండికేశాడు. నరసరావుపేటలో పిన్నమ్మ ఇంట్లో ఉండి నేర్చుకోమని పంపుతూ తండ్రి తెగేసి చెప్పాడు.

“నాటకాల కంపెనీవాళ్లు తీసుకుంటే పో. తీసుకోకపోతే బట్టీకి రా. మళ్లీ ఆ తీగల మాటెత్తావో, కాళ్లిరగ్గొడతా.”

ఆ వేసవిలో కంపెనీ ఊళ్లోకి రానే వచ్చింది. మేనేజరు శ్రీనివాసరావు ఆదివారం రమ్మన్నాడు. పున్నారావు మీరా సాహెబ్ మిషన్ల దుకాణానికి పరుగెత్తాడు.

“ఒక్క పాట బాబాయ్. ఏదైనా సరే. లేకపోతే నా బతుకు బట్టీ పాలే.”

మీరా సాహెబ్ చేతిలో నూనెడబ్బా ఆగిపోయింది. కుర్రవాడి మొహంలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

“ఈ పాఠమే వాయించు. చెయ్యి తెలిసినోడైతే అర్థం చేసుకుంటాడు.”

ఆదివారం కంపెనీ డేరాలో పున్నారావు ఆయన గిటారు మీద ఆ పాఠమే వాయించాడు. శ్రీనివాసరావు కాసేపు విన్నాడు.

“శుభ్రంగానే ఉంది. పాటేదీ?”

“ఇంతవరకే చెప్పాడండీ.”

“పైకీ కిందకీ గోడకు సున్నం కొడుతున్నట్టుందబ్బాయ్!”

డేరా అంతా నవ్వింది. పున్నారావు ఆ నవ్వు చెవుల్లో మోగుతుండగానే దుకాణానికి వచ్చాడు. దర్జీలు, బేరగాళ్లు ఉన్నారని కూడా చూడలేదు.

“విద్య దాచుకుని ఏం చేసుకుంటావు? గోరీలోకి పట్టుకుపోతావా? నీకాడికి వచ్చిన పిల్లల ఉసురు నీకు తగలకపోదు!”

“ఒరేయ్ పున్నా, నీకు తెలీదు...” అంటూ కరీమున్నీసా పరదా వెనక నుంచి రాబోయింది. మీరా సాహెబ్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. దర్జీల వైపు చూడకుండా తల వంచుకుని స్క్రూ బిగించుకుంటూ కూర్చున్నాడు.

పున్నారావు బట్టీకి వెళ్లలేదు. గుంటూరు రైలెక్కి, పెళ్లిళ్ల బ్యాండులో సామాను మోసే పనికి కుదిరాడు. ఒకసారి గిటారు వాయించే మనిషికి జ్వరమొస్తే, బ్యాండు మాస్టరు ధనుంజయరావు గిటారు అతని చేతికిచ్చి, పాట వరస నోటితో చెప్పాడు. పున్నారావు వేళ్లు తడుముకోకుండా దాని వెంటే నడిచాయి. మాస్టరు వింతగా చూశాడు.

“నీకు చెయ్యి పెట్టినాయన ఎవరోగానీ గొప్పవాడయ్యా. పాటలు ఎవరైనా చెబుతారు. చెయ్యి ఇట్లా పెట్టేవాళ్లు దొరకరు.”

ఆ రాత్రి పున్నారావుకు అన్నం సయించలేదు. నరసరావుపేట వెళ్లి కాళ్ల మీద పడాలనుకున్నాడు. సిగ్గు వెనక్కి లాగింది. ఆ పెళ్లీ ఈ పెళ్లీ అనుకుంటూ ఏళ్లు గడిపాడు. దేశానికి స్వతంత్రం వచ్చిన మరుసటేడు గానీ రైలెక్కలేదు.

దుకాణం మూసి ఉంది. వెనక ఇంట్లో మంచం మీద మీరా సాహెబ్ ఆనుకుని కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది.

“పచ్చవాతం,” అంది కరీమున్నీసా. “నువ్వు పోయినాక మిగతా పిల్లలూ మానేశారు. విద్య దాచుకుంటాడంట అని ఊరంతా పాకింది. ఈయన మళ్లా గిటారు పెట్టె తియ్యలేదు.”

పున్నారావు పెట్టె తెరిచి, తీగలు సరిచేసి, వచ్చిన పాటల్లో మంచిది వాయించాడు. ఆ వెంటనే మరొకటి. మీరా సాహెబ్ రెప్ప వెయ్యకుండా అతని వేళ్లనే చూశాడు. కళ్లు చెమర్చాయి.

“ఎంత బాగుందిరా,” అన్నాడు పసివాడిలా. “ఇంకోటి వాయించు.”

పున్నారావు గిటారు పక్కన పెట్టి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

“ఆ రోజు నోరు జారా బాబాయ్. నలుగురి ముందు నీ పరువు తీశా. ఈ చెయ్యి నువ్వు పెట్టిందే. కానీ ఒక్కటడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. అంత ఏడ్చి అడిగినా ఆ ఒక్క పాట నా దగ్గర ఎందుకు దాచావు?”

కరీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. మీరా సాహెబ్ కుడిచెయ్యి అతని తల మీద వేశాడు.

“దాచడానికి నాకు ఒక్క పాటైనా వస్తే గదరా!”