జుట్టులో వలముడి

“కత్తెర తెండి!”

పెళ్ళికొడుకు తల్లి కామాక్షమ్మ కేకకు మేళం ఆగిపోయింది.

పీట మీద పెళ్ళికూతురు చెంగమ్మ తలవంచుకొని కూర్చుంది. నడుము దాటే ఒత్తయిన ఉంగరాల జుట్టు ఆమెది. తెల్లారి లేచేసరికి కుడివైపు పాయంతా ముడులు. చిక్కు కాదు. ఎవరో పని కట్టుకొని అల్లినట్టు వరసలు వరసలుగా ఉన్నాయి.

తండ్రి ముత్యాలయ్య వంగి చూశాడు. “ఇది వలముడి. చేపల వల అల్లేటప్పుడు వేసేది” అన్నాడు నెమ్మదిగా.

“చేతబడి!” అంది కామాక్షమ్మ. “చేసిందెవురో పొద్దు వాలేలోపల చెప్పండి. లేకుంటే పడవ తిప్పుకొని మా రేవుకి మేం పోతాం. రాత్రి పిల్ల పక్కన పడుకొన్నదెవురు?”

అందరూ పిచ్చమ్మ వైపు తిరిగారు. ఆమె ముత్యాలయ్య అక్క. చెంగమ్మను తన కొడుక్కి అడిగి లేదనిపించుకొన్న మనిషి.

“పిల్లనియ్యలేదని ఏడ్చినా, నిజమే. అంతమాత్రాన దాని జుట్టు మీద చెయ్యి వేస్తానా?”

“నిజం చెప్పక్కా. లేకుంటే మళ్ళీ నా గడప తొక్కబాక” అన్నాడు ముత్యాలయ్య.

పిచ్చమ్మ లోపలికి పోయి తన బట్టలు మూట కట్టుకోసాగింది.

“కత్తెరా వద్దు, కత్తీ వద్దు” అంటూ చెంగమ్మ అవ్వ మాలకొండమ్మ కొబ్బరిపాల గిన్నెతో వచ్చింది. “తప్పు నాది. నిన్న తలంటితే ఇంత జుట్టూ ఆరలేదని జడెయ్యకుండా వదిలేసినా. రా తల్లీ, నా ఒళ్ళో తల పెట్టుకో.”

“దువ్వెనతో లాగితే పోదా?” అంది కామాక్షమ్మ.

“నీదంటే సాఫు జుట్టమ్మా, ఎట్ట లాగినా వస్తాది. ఇది ఉంగరాల జుట్టు, ఎండినప్పుడు లాగితే పుటుక్కున తెగుతాది. బాగా నానబెట్టి కొసల కాడ నుంచి పైకి రావాల. అదీ వేళ్ళతోనే.”

కొబ్బరిపాలు చుక్కచుక్కగా జుట్టులోకి దిగుతున్నాయి. అందులో కలిపిన మందారాకు జిగురు వాసన, మెంతుల వాసన. పందిరి అవతల పులికాటు సరస్సు నీళ్ళు కదలక మెదలక వెండిరేకులా పడున్నాయి. దూరంగా ఎర్రకాళ్ళ కొంగల బారు, నీటి మీద ఎవరో మరిచిపోయిన గులాబీరంగు పైటలా ఉంది. అవ్వ వేళ్ళ కింద ఒక్కో ముడి వదులవుతుంటే చెంగమ్మకు కళ్ళు బరువెక్కాయి.

“అవ్వా, అత్త అట్టాంటిది కాదు.”

“నువ్వు కదలబాక.”

“నా వలేదీ?”

“మీ నాయన దాచినాడు. పసుపు పూసినాక వల ముట్టకూడదు.”

“సగమే అయినాది. నేను పోతే నాయనకెవురు అల్లి పెడతారు?”

జవాబు వినకుండానే నిద్రలోకి జారిపోయింది.

పొద్దు వాలుతోంది. కామాక్షమ్మ లేచి చీర దులుపుకొంది. “ఇంక చాలు. పడవ విప్పమనండి.” మూట చంకన పెట్టుకొని పిచ్చమ్మ గడప దాటుతోంది.

“ఉష్!” అంది అవ్వ.

చెంగమ్మ కుడిచెయ్యి కదిలింది. అవ్వ విప్పిన పాయను తడిమి పట్టుకొంది. చిటికెన వేలికి చుట్టింది. మెలితిప్పింది. కొస దూర్చి బిగించింది. పక్కనే ఇంకొకటి. కళ్ళు మూసే ఉన్నాయి. పెదవుల మీద నవ్వు.

“నాయనా… ఇంకొక్క వరస…” అంది నిద్రలోనే.

ముత్యాలయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకొన్నాడు. కామాక్షమ్మ వంగి, ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

పిచ్చమ్మ మూట కింద పెట్టింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు.

“చూసుకో వదినా నీ దొంగని! నీ కోడలే! చెంగమ్మ!”