నడిచే మద్ది మొక్క

అడవిలో నాటిన ప్రతి మొక్కకూ దాని కబురు పంపే బిళ్ళ ఒకటి కట్టి ఉండేది. సోమవారం సోమవారం వనసమితి అరుగు మీద పెట్టిన మాట్లాడే పెట్టె ఆ బిళ్ళలు పంపిన క్షేమసమాచారాలన్నీ ఊరందరి ముందూ చదివేది. మొక్క చచ్చిందంటే దాన్ని పెంచే ఇంటికి ఆ ఏడాది తేనె తీసే వంతు పోయినట్టే. అందుకే సోడె జోగమ్మకు సోమవారమంటే గుండె దడ.

ఆవేళ తనిఖీకి అధికారి కూడా వచ్చి కూర్చున్నాడు. పెట్టె గొంతు విప్పింది.

"జోగమ్మ గారి మద్ది మొక్క దివ్యంగా ఉంది. నిన్న రెండు కిలోమీటర్లు నడిచింది."

జోగమ్మ మొగుడి వైపు చూసింది. ముత్తయ్య ఆకాశం వైపు చూశాడు.

"దారిలో తొమ్మిది వేప మొక్కల్ని తినేసింది" అంది పెట్టె.

"మన మొక్క ఎండిపోయిందే. బిళ్ళకు ప్రాణమున్నదేదో తగలాలి కదా అని మేక మెడలో కట్టాను" అని గొణిగాడు ముత్తయ్య.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని పళ్ళు నూరి, జోగమ్మ ఆ ఏటి తేనెకు నీళ్ళొదులుకుంది.

"మొక్క సూడితో ఉంది. లోపల రెండు పిల్లలు" అని ముగించింది పెట్టె.

అధికారి లేచి గంభీరంగా జోగమ్మ దగ్గరికి నడిచాడు. అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గర వంగాడు.

"ఈనగానే కబురు చెయ్యమ్మా. చచ్చిన మొక్కల బిళ్ళలు నా దగ్గర ఇంకా నలభై ఉన్నాయి."