మూడు డిగ్రీల వంపు

“నా కొడుకు మీదికి పోటీకి పోయే బండిని నా దగ్గరికే తెస్తావా? సిగ్గుండాదా నీకు?”

పెనుకొండలో లారీల ఇరుసుల మీద బరువు మోసే కమాన్‌పట్టీలు కట్టే అల్లాబక్ష్, స్పానర్ చేత్తో పట్టుకుని మరీ అడిగాడు. ఎదురుగా హిందూపురం నవాజ్, వాడి వెనక పాత కాంటెస్సా కారు.

“సిగ్గుతో పనేముంది మామా? ఈ చుట్టుపక్కల ఈ పని తెలిసినోడివి నువ్వొక్కడివే. చేయనంటే చెప్పు, పోతా.”

“యాడికి పోతావులే. లోపలికి తోయ్.”

డ్రాగ్ రేసంటే నాలుగు వందల మీటర్ల సూటి పరుగు. మూడేళ్లుగా నవాజ్ ఆ పరుగులో అల్లాబక్ష్ కొడుకు ఇంతియాజ్ చేతిలోనే ఓడిపోతున్నాడు. కిందటేడు బండి బోల్తా పడి, కాల్లో రాడ్డు వేయించుకుని వచ్చి కూడా ఇంతియాజే గెలిచాడు. ఆదివారం బెంగళూరు దగ్గర మళ్లీ వీళ్లిద్దరికే పోటీ. ధర్మవరంలోని నవాజ్ బావమరదులు ఇప్పటికే ఫోన్‌లో ఎగతాళి మొదలుపెట్టారు. ఈసారీ ఓడితే అత్తగారింటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

బండికున్న జబ్బు ఒకటే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే వెనక చక్రాలు కుప్పిగంతులు వేస్తాయి.

అల్లాబక్ష్ బండి కిందికి దూరాడు. వెనక ఇరుసుకీ కమాన్‌పట్టీలకీ మధ్య ఏటవాలు ప్యాకింగ్ బిళ్ళలు పెట్టి బిగించాడు. నవాజ్‌ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి రసమట్టంతో కొలిచాడు. విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ కొలిచాడు.

“కదలొద్దురా. నీ బరువు కూడా లెక్కలోకి రావాల.”

నాలుగోసారికి గాని ఆయనకు తృప్తి కలగలేదు. నవాజ్ దిగి, కిందికి దూరి, వంపు కొలిచే యాప్ తెరిచి తన ఫోన్ పెట్టి చూశాడు. ఇంజను నుంచి షాఫ్టు వచ్చి ఇరుసుకు తగులుకునే ముక్కు మూడు డిగ్రీలు కిందికి వంగి ఉంది.

“ఇదేంది? సూటిగా ఉండాల కదా. వీడియోలో సున్నా అన్నారు.”

“అది పెండ్లిండ్లకు పోయే కారుకి. నువ్వు తొక్కినప్పుడు ఆ ముక్కు పైకి లేస్తాది. అప్పుడొస్తాది సూటికి.”

“మీవోని బండికీ ఇట్లే పెట్టినావా?”

“వాని బండి నేను ముట్టుకోను.”

నవాజ్ నవ్వాడు. “ఇది నమ్మమంటావా?”

“నమ్మకుంటే సావు. ఆ ప్యాకింగులు కదిలించినావంటే మాత్రం నా గడప తొక్కొద్దు.”

ఇంతసేపూ నిప్పులు కక్కిన మనిషి, బండి బయలుదేరేటప్పుడు అద్దం దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “గెలిచి రా అబ్బా.”

ఆ మాటతో నవాజ్‌కు ఉన్న కాస్త నమ్మకం పోయింది. ఏ తండ్రైనా కొడుకును ఓడించి రమ్మంటాడా? సోమందేపల్లి దాకా ఆ అనుమానం తొలుస్తూనే ఉంది. అక్కడ రోడ్డు పక్కన ఆపి, జాకీ ఎత్తి, ప్యాకింగులన్నీ పీకి పారేశాడు. ఫోన్‌లో సున్నా కనబడే దాకా ఊరుకోలేదు. ముసలోడి ఆట కట్టించాననుకున్నాడు.

ఆదివారం పచ్చ లైటు వెలిగింది. నవాజ్ బండి వెనక చక్రాలు ఎగిరెగిరి పడ్డాయి. అది కుదురుకునేసరికి ఇంతియాజ్ చివరి గీత దాటేశాడు.

సోమవారం పొద్దున్నే నవాజ్ పెనుకొండకు వచ్చిపడ్డాడు.

“మోసగాడివి మామా నువ్వు. నీ తిరకాసు ఒకటి నేనే కనిపెట్టి సరిచేసుకున్నా. ఇంకొకటి యాడ దాచినావు?”

అల్లాబక్ష్ బండి కిందికి వంగి చూశాడు. లేచేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ప్యాకింగులు ఏవిరా?”

“తీసేసినా. మీవోన్ని గెలిపించేదానికే పెట్టినావని నాకు తెలీదనుకున్నావా?”

తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. అల్లాబక్ష్ అక్కడే మట్టిలో కూలబడిపోయాడు. రెండు చేతుల్లో తల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నవాజ్ పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“ఏంది మామా ఇది? గెలిచింది నీ కొడుకే కదా.”

“ఈసారి ఓడిపోతే రేసులు మానేస్తానని మాటిచ్చినాడబ్బా.”