చందన రాత

"అర్జీ వెనక్కి తీసుకోమ్మా. ఊళ్ళో నర్సు లేదన్నది అబద్ధం" అన్నాడు జిల్లా ఆరోగ్యశాఖ అధికారి జగన్నాథరావు, కాగితాన్ని చందన ముందుకు నెడుతూ.

చందన తెనాలిలో నర్సింగ్ మూడో ఏడు చదువుతోంది. రేపల్లె దగ్గర నీలాలవారిలంకలో ఆమె బ్యాచ్‌కి ఆరు వారాల సేవా శిక్షణ. ఈ శనివారంతో సరి. అక్కడి ఆరోగ్య సబ్ సెంటర్‌లో ఏడాదిగా నర్సు లేదు. "బీపీ చూసి వచ్చేస్తే సేవ కాదు. జనం తమకు రావాల్సింది అడిగేలా చెయ్యండి" అని కాలేజీలో పాఠం చెప్పే వేదవతి మేడం చెప్పబట్టే, ఊరంతా తిరిగి అర్జీ మీద వేలిముద్రలు వేయించి, ఆ ఊరి అంకాలమ్మను వెంటబెట్టుకుని బాపట్ల వచ్చింది.

అంకాలమ్మ కూతురు నాగజ్యోతికి ఎనిమిదో నెల. బీపీ ఎక్కువ.

"నర్సుందా బాబూ? ఏదీ, ఓసారి చూపించండి. కాళ్ళకి దండం పెట్టుకుంటా" అంది అంకాలమ్మ.

జగన్నాథరావు ఫైలు తెరిచాడు. "రోజూ ముప్పై మందికి బీపీ, షుగరు. గర్భిణులకి వారం వారం పరీక్షలు. ఒక్కరోజు ఖాళీ లేదు. ఇంత బాగా నడిచే సెంటర్ జిల్లాలో ఇంకోటి చూపించండి."

ఆ కాగితాల మీద తన చేతిరాతను చందన గుర్తుపట్టింది.

"అవి రాసింది నేనండి. శిక్షణలో భాగంగా మేమే చూసి, మేమే పంపామండి."

"నువ్వు రాస్తే ఏంటి, ఇంకొకరు రాస్తే ఏంటమ్మా? పైవాళ్ళు చూసేది అంకెలే."

"శనివారం మేం వెళ్ళిపోతామండి."

"అప్పుడు మళ్ళీ అర్జీ పెట్టించు. చూద్దాం."

"ఎన్నాళ్ళు పడుతుందండి?"

"మూడు నెలలు. ఎంత తొందరపెట్టినా రెండు."

"నా బిడ్డకి అన్నాళ్ళు లేవయ్యా" అంది అంకాలమ్మ. ఆ మాట గట్టిగా కూడా అనలేదు.

జగన్నాథరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"నన్ను తిట్టుకోకమ్మా" అన్నాడు చందనతో. "మీ లంకకి నర్సును వేస్తూ కిందటి నెల నేనే సంతకం పెట్టాను. నువ్వు పంపిన ఈ కాగితాలు చూశాకే ఆమెను వేరే ఊరికి మార్చేశారు."