కాటా మీద అయాజ్

"ఇది తప్పు బరువు. కొట్టేస్తున్నాను," అంది జ్యోత్స్న, ఫోను మీద వేలు పెట్టి.

"కొట్టేయొద్దు తల్లీ," అంది కరీమాబీ.

నిజాంపట్నం దారిలో రొయ్యల చెరువుల పక్కనున్న చిన్న పేట అది. జ్యోత్స్న రేపల్లె నుంచి వచ్చిన సూపర్‌వైజరు. అంగన్‌వాడీలో పిల్లల బరువులు నెలనెలా ఫోనులోకి ఎక్కుతాయి. బాగున్న బిడ్డ పేరు పక్కన ఆకుపచ్చ, చిక్కిపోయిన బిడ్డ పక్కన ఎరుపు. ఎరుపు కనిపించిన చోటికే పాలు, మందులు, డాక్టరు వెళతాయి. ఈ పేట ఎప్పుడూ పచ్చగానే ఉంది. కాబట్టి ఇటు ఎవరూ రాలేదు. ఈ నెల మొదటిసారి ఒక పేరు ఎర్రబడింది. కరీమాబీ మనవడు అయాజ్, రెండేళ్ళవాడు.

"పోయిన నెల పన్నెండు కిలోలున్నవాడు ఈ నెల ఏడుకి ఎలా పడిపోతాడు? కాటా సరిగ్గా చూశావా కనకదుర్గా?"

అసలు టీచరు పురిటికి పుట్టింటికి వెళితే, కనకదుర్గ పక్క ఊరి నుంచి ఇన్‌చార్జిగా వస్తోంది. ఈ పేట ముఖాలు ఆమెకి ఇంకా అలవాటు కాలేదు.

"మళ్ళీ మళ్ళీ చూశానండి మేడమ్. ఏడే."

"చెరువు గట్ల మీద గుడిసెలున్నాయే, ఆ పిల్లల బరువులు ఏవి?"

"వాళ్ళు ఒరిస్సా నుంచి పనికొచ్చినోళ్ళండి. ఇక్కడ పేర్లు లేవు. పేరు లేకపోతే ఫోను బరువు తీసుకోదు కదండీ."

"సరేలే. ఉన్నవాళ్ళ సంగతి చూద్దాం."

లెక్కలో లేని బిడ్డ ఎంత చిక్కినా లెక్క పచ్చగానే ఉంటుంది. 

జ్యోత్స్న కరీమాబీ వైపు తిరిగింది. "పిల్లాడికి జ్వరం వచ్చిందా? విరేచనాలా?"

"లేదమ్మా."

"మరి ఎందుకు చిక్కాడు?"

కరీమాబీ కొంగు సర్దుకుంది. ఆమె చేతి ముద్ద తిన్న పిల్ల బక్కగా ఉండదని పేటలో పేరు. ఆమెకి వేరే ఆస్తి లేదు.

"నేనే సరిగ్గా పెట్టలేదమ్మా," అంది.

గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సెంటర్లో ఇచ్చే గుడ్డు ఏం చేస్తున్నారు?"

"నేను తింటున్నా."

"పసివాడి గుడ్డా? సిగ్గు లేదూ!"

"ముసల్దాన్ని కదమ్మా. నోరు ఊరుకోదు."

"అవునండి మేడమ్," అంది పక్కింటి సింధు. "తలుపేసుకుని మరీ తింటది. ఉప్పు కారం అద్దుకుని."

"నువ్వు నోర్ముయ్యవే. అంత సాక్ష్యం నిన్నెవరూ అడగలేదు," అంది కరీమాబీ.

సింధు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డని తీసుకురండి," అంది జ్యోత్స్న. "నా కళ్ళ ముందు తూచాలి. తేడా ఉంటే కొట్టేస్తాను. ఆసుపత్రి మాట ఎత్తొద్దు."

కరీమాబీ బయటికి కేకేసింది. బక్కపలచని పిల్ల ఒకతి బిడ్డని చంకనేసుకుని వచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది.

"ఈమె ఎవరు?"

"కోడలమ్మా. కొత్తోళ్ళంటే బెదురు. నోరు విప్పదు."

"కోడలేనండి," అంది సింధు, ఎవరూ అడగకుండానే.

బిడ్డని కాటా మీద కూర్చోబెట్టారు. వాడు కూర్చోలేక పక్కకి ఒరిగాడు. కరీమాబీ వేలు అందించింది.

"వేలు తీయండి. బరువులో తేడా వస్తుంది."

"నేను తీస్తున్నానమ్మా. వీడే వదలటం లేదు."

ఆమె ఒక్కొక్క వేలే విడదీసి చెయ్యి వెనక్కి తీసుకుంది. వాడు ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి.

ఏడు కిలోలు.

జ్యోత్స్న బిడ్డ జబ్బకి రంగుల పట్టీ చుట్టింది. అదీ ఎరుపే చూపింది. ఆమె వెంటనే బాపట్ల ఆసుపత్రికి ఫోన్ చేసి పిల్లల వార్డులో మంచం చెప్పింది. బర్నబాస్ ఆటో వచ్చింది.

"అక్కడ కొన్నాళ్ళు ఉంచుకుంటారు. తల్లికి కూడా భోజనం పెడతారు," అంది జ్యోత్స్న. తరవాత కరీమాబీని చూసి, "బిడ్డ తిరిగొచ్చాక మళ్ళీ గుడ్డు మీద చెయ్యేశారంటే చూడండి," అంది.

"వెయ్యనమ్మా. ఒట్టు."

తల్లి ఆటో ఎక్కి బిడ్డని ఒళ్ళో పెట్టుకుంది. కరీమాబీ అన్నం మూట ఆమె పక్కన పెట్టి, వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్ళి తినమని సైగ చేసింది. బిడ్డ తల నిమిరింది. ఆటోవాడి వైపు తిరిగి, "గుంతల్లో దూకించావంటే నీ కాళ్ళు విరగ్గొడతా బర్నబాసూ. మెల్లిగా పోనీ," అంది.

"నేనెప్పుడు దూకించాను దాదీ!"

ఆటో గట్టు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. కరీమాబీ ఇంకా అటే చూస్తోంది. జ్యోత్స్నకి కోపం తగ్గింది. ఇంతమందిలో అన్ని మాటలు అన్నా ముసలామె ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

"మీరు కూడా ఎక్కాల్సింది పెద్దమ్మా," అంది మెత్తగా. "ఒక్కడే మనవడు కదా. తోడుండొద్దూ?"

"ఎట్టా వెళ్ళనమ్మా," అంది కరీమాబీ, గబగబా చెప్పులేసుకుంటూ. "అన్నం వేళ దాటిపోయింది. ఆలస్యమైతే మా అయాజ్ వాళ్ళమ్మ మాట వినడు, ఇల్లు పీకి పందిరేస్తాడు!"