జాలీ దగ్గరి మనిషి

మీటింగులో అందరికంటే ముందు సరితే లేచింది.

నాచారంలోని వాళ్ల కాలనీవాళ్లు ఆ ఆదివారం కమ్యూనిటీ హాల్లో కూడారు. ఎస్సై రంజిత్ కూడా వచ్చాడు. దొంగతనాలు, అద్దెలు, ఎండలు, వానలు అన్నీ మాటల్లోకి వచ్చాయి. పక్క బస్తీలు మునిగినా మన కాలనీలోకి చుక్క నీరు రాలేదని, అదంతా తాను వేయించిన డ్రైనేజీ పుణ్యమేనని ప్రెసిడెంటు గోపాలరావు చెప్పుకొన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సరిత తన ఫోన్ ఎస్సైకి చూపించింది. కొత్తగా పెట్టించుకున్న సీసీ కెమెరా వీడియో అది. అరవై దాటిన మనిషి ఒకడు, పొడుగాటి ఇనప కడ్డీ పట్టుకుని వాళ్లింటి వెనక గోడ వెంట నడుస్తున్నాడు.

"మబ్బు పట్టిందంటె సాలు, వస్తడు సార్. మా ఆయన పోచారంల డ్యూటీకి పోతడు. ఇంట్ల నేను, లేవలేని మా అత్త. మస్తు భయమైతుంది."

భయం కాక ఏమవుతుంది? అత్త సక్కుబాయికి పక్షవాతం. ఒకరు పట్టి తిప్పితే తప్ప పక్కకు ఒత్తిగిల్లలేదు.

మూడో రోజు ఆ మనిషి పోలీసులకు దొరికాడు. పేరు గండయ్య. మల్లాపూర్‌లో రేకుల గదిలో ఉంటాడట. వాననీళ్లు పోయే నాలా, కాలనీ దాటి బయటికి పోయేచోట, గోడ కింద ఉన్న ఇనప జాలీకి అడ్డం పడ్డ చెత్త తీయడానికి వస్తానన్నాడట. ఎవరు పంపారంటే ఎవరూ లేరన్నాడట. జీతమెంతంటే ఏమీ లేదన్నాడట. ఈ రోజుల్లో అలాంటి మాట ఎవరు నమ్ముతారు? మళ్లీ కాలనీలో అడుగు పెట్టనని కాగితం రాయించుకుని వదిలేశారు. కాలనీ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

పది రోజులకు, మధ్యాహ్నం రెండింటికి, ఉప్పల్ వైపు ఆకాశం నల్లబడింది.

సరిత ఇంటి పక్కనే కాలనీ వెనక గేటు. గండయ్య వచ్చి దాని బయటే నిలబడ్డాడు.

"నేను లోపటికి రాను బిడ్డా. నువ్వే ఎవరితోనన్న ఆ జాలీ సాఫు జేపియ్యి. లేకుంటె నీళ్లు మీ ఇండ్లలకే మర్లుతయి."

సరితకు ఒళ్లు మండింది. ఎస్సైకి ఇప్పుడే ఫోన్ చేస్తానని బెదిరించి గేటు గడియ పెట్టేసింది.

వాన విరుచుకుపడింది. గంటలో నీళ్లు గడప దాటాయి. కరెంటు పోయింది. సరిత అత్త చంకల కింద చేతులు వేసి లేపబోయింది, చాతకాలేదు. కేకలు వేసింది, ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. నీళ్లు పరుపును తాకాయి.

"నువ్వు మీదికి పో బిడ్డా, నా ఫికరు జెయ్యకు" అంది సక్కుబాయి.

సరిత వెళ్లలేదు. అత్త తల పైకెత్తి పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

ఉన్నట్టుండి నీళ్లు ఆగాయి. పావుగంటలో గడప దిగిపోయాయి.

ఆలస్యమైనా మన డ్రైనేజీ పనిచేసిందని గోపాలరావు గొడుగు పట్టుకుని ఇంటింటికీ చెప్పాడు.

సాయంత్రం అసలు సంగతి తెలిసింది. గోడ అవతలి ఫ్యాక్టరీ వాచ్‌మన్ కళ్లారా చూశాడట. గండయ్య బయటి వైపు నుంచే నాలాలోకి దిగి, కడ్డీతో జాలీని పొడిచాడు. లోపలి నుంచైతే గట్టు మీద నిలబడి చేసే పని. అడ్డం తెగిన నీళ్లు ఆయన్ని ఈడ్చుకుపోయాయి. శవం కిందనున్న కల్వర్టు దగ్గర దొరికింది.

సరిత తాను పెట్టిన గడియ తీసి, వెనక గేటులోంచి అక్కడికి పరుగెత్తింది.

కల్వర్టు దగ్గర ఎస్సై పంచనామా రాయిస్తున్నాడు. గండయ్య తమ్ముడు హన్మయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

"మేము ఆయనకు ఏమైతమని గిట్ల జేసిండు?" అని అడిగింది సరిత.

"మేము నీరటోళ్లం తల్లీ. చెరువు నీళ్లు ఊరిని ముంచకుంట సూసుకునుడు మా తాతల పని. దానికి జీతం కింద పొలమిచ్చిన్రు. కాయిదాలు లేవని ఆ పొలం గుంజుకున్నరు. గని అన్న పని ఇడిసిపెట్టలే."

"ఏ పొలం?"

హన్మయ్య తలెత్తకుండానే చెప్పాడు.

"మీ కాలనీ ఉన్నదే, తల్లీ."